కట్టు విప్పే రోజు

పక్కగదిలో ఇనపపళ్ళేన్ని సుత్తితో కొట్టినట్టు గంట మోగింది. దాని వెనకే జనం అరుపు. ఆవకాయకి ముక్కలు తుడుస్తున్నదాన్ని చెయ్యి ఆపేశాను. ఆ గంట నాకు తెలుసు. ఎక్కడ విన్నా పోల్చుకోగలను.

వెళ్ళి చూస్తే మా అమ్మాయి కొడుకు మంచం మీద బోర్లా పడుకుని ఫోను చూస్తూ తనలో తనే నవ్వుకుంటున్నాడు. ఇంజనీరింగు చదువుతున్నాడు, సెలవులకి రాజమండ్రి వచ్చాడు. వచ్చినప్పటినించీ ఫోనే అన్నం, ఫోనే నీళ్ళు.

"ఏంట్రా అది?"

"పాత అమెరికా కుస్తీలు అమ్మమ్మా. మీ కాలంవి. భలే కామెడీగా ఉంటాయి, చూడు."

చూశాను. తాళ్ళు కట్టిన వేదిక. రంగులు వెలిసిపోయి అందరి మొహాలూ తాంబూలం వేసుకున్నట్టు ఎర్రగా ఉన్నాయి. రాగిజుట్టు మనిషి ఒకడు, కళ్ళకి తెల్లటి కట్టు, ఎవరో చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నారు. చేతికి మామిడి జీడి ఉందన్న సంగతి కూడా మర్చిపోయి వాడి దుప్పటి మీదే కూర్చున్నాను.

"నీకు కుస్తీలంటే ఇష్టమా అమ్మమ్మా?" అన్నాడు వాడు నవ్వుతూ.

ఇష్టమే. ఒక వేసవికాలం అంతా ప్రాణం పెట్టి చూశాను. ఆ తరవాత మళ్ళీ వాటి మొహం చూడలేదు.

మాది రామచంద్రపురం పక్కన పల్లెటూరు. మా వీధి చివరింటాయన దోహాలో ఉద్యోగం చేసేవాడు. ఆయన భార్యని మేమంతా దోహా అత్తయ్య అనేవాళ్ళం. పాపం ఆవిడ కాకినాడ దాటి ఎరగదు. ఆయన సెలవుకి వచ్చినప్పుడు రంగుల టీవీ, వీసీఆరూ తెచ్చి ఇంట్లో పెట్టి వెళ్ళాడు. సినిమా కేసెట్లు రామచంద్రపురంలో దొరికేవి. కుస్తీలవి మాత్రం ఆయనే అక్కడి టీవీలో వచ్చేవి రికార్డు చేసి, మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎవరు సెలవుకి బయల్దేరితే వాళ్ళ చేతికిచ్చి పంపేవాడు. అందుకని ఏ కేసెట్టు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. ఒక కథ సగంలో ఆగితే, తరవాత సగం ఎవరో ఒకరు విమానం దిగేదాకా ఆగాల్సిందే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలయ్యేది ఆట. బయట నిప్పులు చెరిగే ఎండ. అత్తయ్య కిటికీలకి వట్టివేళ్ళ తడికెలు కట్టించి నీళ్ళు చల్లించేది. ఆ చీకటి గదిలో వట్టివేళ్ళ వాసన, మగవాళ్ళ చుట్టల వాసన, ఎవరో తెచ్చిన ముంజల వాసన, టీవీ వేడెక్కితే దాని మీది గుడ్డలోంచి వచ్చే ఒక రకమైన వాసన. నేల మీద మేము, వెనక బల్లల మీద పెద్దవాళ్ళు. ఆడపిల్లవి నీకెందుకే ఈ కొట్లాటలు అని మామ్మ తిట్టేది. మామ్మంటే మా నాన్నని కన్న తల్లి. ఆవిడ తిట్టని రోజు మా ఇంట్లో పొయ్యి వెలగదు. నేను బాబాయి పంచె పట్టుకుని దూరిపోయేదాన్ని.

బాబాయి నాన్నకి తమ్ముడు. మనిషి టేకుదుంగ. పెళ్ళికి ముందు తాలింఖానాలో కర్రసాము, కుస్తీ నేర్చుకున్నాడు. దసరాల్లో ఊరేగింపు ముందు కర్ర తిప్పుతుంటే గాలి చప్పుడు మా అరుగు మీదికి వినబడేది. నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని తిప్పేవాడు. మా నాన్న ఎప్పుడూ అలా ఎత్తుకున్న గుర్తు లేదు. నాకు ఊళ్ళో అందరికన్నా బాబాయే ఎక్కువ. ఈ మాట ఇప్పుడు చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

టీవీలో మాట్లాడే ఇంగ్లీషు ఎవరికీ అర్థమయ్యేది కాదు. అర్థం కానక్కర్లేదు కూడా. మంచివాడెవడో చెడ్డవాడెవడో చంటిపిల్లాడికైనా తెలిసిపోయేది. మంచివాడికి మేం రాగిజుట్టోడని పేరు పెట్టుకున్నాం. వాడు బరిలోకి వస్తూ దారిలో పిల్లల తల నిమిరేవాడు. రెండోవాడు నల్లగడ్డం వాడు, రిఫరీ అటు తిరగ్గానే గొంతు పిసికేవాడు. బాబాయి మాకు పట్లు విప్పి చెప్పేవాడు. "అదిగో చూడు, ఆ మెడపట్టు మన గురువుగారు నేర్పిందే. దొరలయితే ఏంటి, మట్టి ఒకటే, ఒళ్ళు ఒకటే."

ముందువరసలో ఎప్పుడూ ఒక ముసలావిడ కూర్చునేది. చుక్కల గౌను, నెరిసిన జుట్టు, ఒళ్ళో సంచీ. ఏ కేసెట్టు పెట్టినా అదే కుర్చీలో ఆవిడే. నల్లగడ్డం వాడు దగ్గరికొస్తే సంచీ ఎత్తి కొట్టబోయేది. "మా అమ్మే," అనేవాడు బాబాయి, "ఆవిడకి గౌను తొడిగితే అచ్చం మా అమ్మే." గదంతా నవ్వేది. ఇంటికెళ్ళి ఆ మాట మామ్మ చెవిన వేస్తే నా వీపు చీరేసింది.

ఒకరోజు కేసెట్టులో నల్లగడ్డం వాడు మొలలోంచి గుప్పెడు పొడి తీసి రాగిజుట్టోడి కళ్ళలో కొట్టాడు. బూడిదో సున్నమో మాకు తెలీదు. వాడు రెండు చేతులతో మొహం కప్పుకుని నేల మీద దొర్లాడు. ఎవరో తెల్లకోటు ఆయన వచ్చి కళ్ళకి కట్టు కట్టాడు. ఇద్దరు చెరో చెయ్యీ పట్టుకుని నడిపించుకెళ్ళారు. ముందువరస ముసలావిడ చేతిగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అంతలో తెర నిండా చుక్కలు. కేసెట్టు అయిపోయింది.

"తరవాతది ఎప్పుడొస్తుందండి అక్కయ్యగారూ?" అని బాబాయి అడిగాడు.

"ఎవరో కోటిపల్లి ఆయన బయల్దేరతారని రాశారండి. ఆయన వస్తే వస్తాది."

వీధిలోకొచ్చాక మగవాళ్ళంతా దాన్ని గురించే. గుడ్డివాడైపోయాడని ఒకరు, లేదని ఒకరు. బాబాయి మాత్రం చాలా ధీమాగా చెప్పాడు. "కట్టు కట్టారు చూశారా, అది మన పద్ధతేనండి. వస్తాడు. బరిలోనే విప్పుతాడు."

ఆ పద్ధతి ఏంటంటే, తాలింఖానాలో దెబ్బ తగిలినవాడికి గురువే స్వయంగా కట్టు కట్టేవారట. దాన్ని ఇంట్లో విప్పకూడదు. మళ్ళీ గోదాలో దిగి, మట్టి నుదుటికి రాసుకుని, నలుగురి ఎదటా విప్పాలి. మధ్యలో విప్పి చూసుకుంటే ఆ దెబ్బ ఇక మానదని వాళ్ళ నమ్మకం. బాబాయికి ఒకసారి మణికట్టు విరిగితే అలాగే కట్టారు, అలాగే విప్పాడు, రాయిలా అతుక్కుంది. ఎముకకి పనికొచ్చే మాట అది. దాన్ని కంటిదాకా తీసుకెళ్ళింది మావాళ్ళే.

మేము పిల్లలం ఆ మర్నాటినించీ గడ్డివాము దగ్గర బూడిదాట మొదలుపెట్టాం. మా తమ్ముడు పొయ్యిలోంచి గుప్పెడు బూడిద తెచ్చి నా మొహాన కొట్టాడు. నేను కేకలు పెడితే మామ్మ వాణ్ణి చావబాది, నా కళ్ళు చెంబెడు నీళ్ళతో కడిగింది. సాయంత్రానికి మామూలైపోయాను. "బూడిద పడితే ఏమవుద్దిరా, పిల్లది చూడు, లేచి గంతులేస్తోంది," అంది మామ్మ. ఆవిడ ఆ మాట ఎందుకు అందో గానీ, మా ఇంట్లో అది శాస్త్రమైపోయింది.

రెండో పంట, దాళ్వా కోతలొచ్చాయి. కళ్ళంలో బాబాయి ఎత్తుపీట మీద నిలబడి చేటతో ధాన్యం తూర్పారబడుతున్నాడు. గాలి ఒక్కసారిగా మళ్ళి పొల్లంతా మొహం మీదికి కొట్టింది. చేట వదిలేసి కన్ను నలుపుకున్నాడు. అప్పుడు ఎవరం పట్టించుకోలేదు. కళ్ళంలో కంట్లో నలుసు పడని మగాడెవడు? నేను మజ్జిగ తీసుకెళ్ళినప్పుడు ఒక కన్ను ఎర్రగా చింతనిప్పులా ఉంది. అయినా నన్ను చూసి నవ్వి, మజ్జిగ గటగటా తాగి, మళ్ళీ పీట ఎక్కాడు.

రాత్రికి కన్ను వాచింది. మామ్మ పక్కింటి బాలింతని బతిమాలి చనుబాలు తెచ్చి కంట్లో పోసింది. నందివర్ధనం పూలు కోసి కన్ను మీద పెట్టి, పాత ధోవతి చింపి కట్టు కట్టింది. మర్నాడూ అదే. మా ఊళ్ళో అందరి వైద్యం అదే, ఎవర్నని ఏం లాభం.

పిన్ని ఒక్కర్తే వేరే మాట అంది. బాబాయి భార్య. పెళ్ళై ఏడాది కాలేదు, పాలకొల్లు పిల్ల. వాళ్ళ ఊళ్ళో ఎవరికో ఇలాగే వడ్లపొల్లు పడి కన్ను పోయిందట. "ఏవండీ, కాకినాడ వెళ్దామండి. కళ్ళ డాక్టరుకి చూపిద్దాం," అని అన్నం వడ్డిస్తూ అంది.

"కాకినాడ వెళ్తే గుడ్డు పీకేస్తారు," అంది మామ్మ వంటింట్లోంచి. "మా అన్నయ్యకి పీకలేదూ? కొత్త కోడలివి, నీకేం తెలుసు."

పిన్ని తలొంచుకుంది. మా నాన్న ఉన్నాడు, పెద్దవాడు, చదువుకున్నవాడు. కంచంలో చెయ్యి పెట్టి మజ్జిగ కలుపుతూనే ఉన్నాడు. అమ్మ మాటకి ఎదురు చెప్పడం ఆయన పుట్టాక నేర్చుకోలేదు.

నాలుగు రోజులకి నొప్పి ఎక్కువైంది. బాబాయి తల గోడకేసి ఆనించుకుని కూర్చునేవాడు. నొప్పి కదా, కట్టు విప్పి చూద్దామని పిన్ని అంటే బాబాయే వద్దన్నాడు. "విప్పి చూసుకుంటూ కూర్చుంటే మానదు. నాకూ రాగిజుట్టోడికీ ఒకటే దెబ్బ, ఒకటే కట్టు. ఆ కేసెట్టు రానీ. వాడు విప్పిన రోజే నేనూ విప్పుతా."

పరాచికానికి అన్నాడనే అనుకున్నారు అందరూ. కానీ కాదు, అది ఆయన పట్టుదల. వీధిలో మగవాళ్ళు కూడా ఆ ముచ్చటకి వంత పాడారు. కనబడినవాడల్లా "ఏంటి, కోటిపల్లి ఆయన దిగారా?" అని అడగడం, బాబాయి "దిగుతారండి, ఆయ్," అని ఒంటికన్నుతో నవ్వడం. కట్టు మాసింది. పసుపుపచ్చగా తడి ఊరి చెంప మీదికి కారేది. నేను పక్కన పడుకుంటే పూలు కుళ్ళిన వాసన వచ్చేది. ఆ వాసన భరించలేక ఒకరోజు అటు తిరిగి పడుకున్నాను. "ఏమ్మడూ, కంపు కొడుతున్నానా?" అన్నాడు. లేదు బాబాయ్ అన్నాను. అప్పటికి జ్వరం కూడా వస్తోంది ఆయనకి.

పిన్ని రోజూ దోహా అత్తయ్య గుమ్మం ముందుకి వెళ్ళి నిలబడేది. "కేసెట్టు వచ్చిందా అండి?" కుస్తీలంటే ఏమిటో కూడా తెలీని మనిషి, ఆ కేసెట్టు కోసం ఊళ్ళో అందరికన్నా ఎక్కువ ఎదురుచూసింది. అది వస్తే ఆయన కట్టు విప్పుతాడు, విప్పితే డాక్టరు దగ్గరికి వస్తాడు. ఆమెకున్న దారి అదొక్కటే.

ముంజలు ముదిరిపోయి, మామిడిపళ్ళు బండ్ల మీద వచ్చే రోజుల్లో వచ్చింది కేసెట్టు.

ఆ మధ్యాహ్నం గది కిటకిటలాడింది. బాబాయిని అందరికన్నా ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. ఎన్నడూ రాని పిన్ని కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. గంట మోగింది. రాగిజుట్టోడు కళ్ళకి కట్టుతోనే వచ్చాడు, ఒకడు చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే. నల్లగడ్డం వాడు చుట్టూ తిరుగుతూ వెక్కిరించాడు, తోశాడు, తన్నాడు. రాగిజుట్టోడు కింద పడ్డాడు, లేచాడు, మోకాళ్ళ మీద నిలబడి రెండు చేతులతో కట్టు పట్టుకుని లాగేశాడు. కళ్ళు టపటపలాడించాడు. తిన్నగా నల్లగడ్డం వాడి వైపు చూశాడు.

అక్కడ జనం అరిచారు, ఇక్కడ మేమూ అరిచాం. ముసలావిడ లేచి నిలబడి ఏడుస్తోంది. "చెప్పానా, చెప్పానా," అంటూ బాబాయి లేచాడు. టీవీకి అడ్డంగా నిలబడి, మా అందరి వైపూ తిరిగి, నేల తాకి నుదుటికి రాసుకుని, కట్టు ముడి విప్పాడు. గుడ్డ అంటుకుపోయి ఉంది. లాగాడు.

నల్లగుడ్డు లేదు. దాని చోట తెల్లగా చీము పట్టిన పొర, చుట్టూ నెత్తురు. ఎండిన పూరేకొకటి రెప్పకి అంటుకుని ఉంది.

టీవీలో ఇంకా జనం అరుస్తూనే ఉన్నారు. బాబాయి బాగున్న కంటిని అరచేత్తో మూసుకుని మా వైపు చూశాడు.

"ఏంటి, ఇంత చీకటేంటి? దీపం వెయ్యండి ఎవరన్నా," అన్నాడు.

పిన్ని వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. అందరి ముందూ మొగుడి చెయ్యి పట్టుకోవడం మా ఇళ్ళల్లో లేదు. ఆ రోజు ఆమెకి మేమెవరమూ కనబడలేదు. అలా చెయ్యి పట్టుకునే వీధిలోంచి నడిపించుకెళ్ళింది. వెనకాల మామ్మ గుండెలు బాదుకుంటూ వచ్చింది గానీ ఈసారి కాకినాడ వద్దనలేదు.

డాక్టరు మొదటి వారంలో తెస్తే కన్ను నిలబెట్టేవాణ్ణన్నాడు. విషం లోపలికి దిగిందని గుడ్డు తీసేశాడు. మామ్మ దేనికి భయపడిందో అదే జరిగింది, ఆవిడ భయం వల్లే జరిగింది. ఆ తరవాత ఆవిడ చాలా ఏళ్ళు బతికింది, పిన్ని చేతి అన్నమే తింది. పిన్ని ఒక్కనాడు ఒక్క మాట అనలేదు. నేనైతే అనేదాన్ని.

ఒంటికన్నుతో బాబాయికి దూరాలు అందేవి కావు. కొడవలి కాలికి తగిలించుకున్నాడు. గట్టు మీంచి జారి పడ్డాడు. దసరాలకి కర్ర తిప్పబోయి ఎదటివాడి మోచెయ్యి విరగ్గొట్టి, ఆ కర్ర అటకెక్కించేశాడు. వ్యవసాయం మానేసి కొబ్బరికాయలు వలిచే పనిలో చేరాడు. నన్ను మళ్ళీ ఎప్పుడూ భుజం మీదికి ఎక్కించుకోలేదు, పడేస్తానని భయం. దోహా అత్తయ్య కుస్తీ కేసెట్లన్నీ మూటకట్టి లోపల పడేసింది. ఊళ్ళో ఎవరూ అడగలేదు.

తరవాత ఇంటింటికీ టీవీలొచ్చాయి, టీవీల్లో కుస్తీలూ వచ్చాయి. నాకు పెళ్ళై పిల్లలు పుట్టాక ఒకసారి ఊరెళ్ళినప్పుడు మా తమ్ముడు ఏదో మాటల్లో బాబాయి ముందు అనేశాడు. "అదంతా నాటకం బాబాయ్. ముందే మాట్లాడుకుని కొట్టుకుంటారు. ఆ పొడి కూడా ఉత్తిదే. వాడి కళ్ళకేమీ అవలేదు."

నాకు వాడి నోరు నొక్కేయాలనిపించింది. బాబాయి నేలలో పాతిన గునపానికి కాయ గుచ్చుతున్నవాడల్లా ఆగాడు. కోప్పడతాడనుకున్నాను, ఏడుస్తాడనుకున్నాను. ఆయన చాలాసేపు ఆ కాయనే చేత్తో తడిమాడు.

"మరి ముందువరసలో ముసలావిడ ఏడ్చేది కదరా, చుక్కల గౌను ఆవిడ," అన్నాడు. "ఆవిడకి తెలుసా?"

మా తమ్ముడికి ముసలావిడ గుర్తు కూడా లేదు. నాకు గుర్తుంది గానీ జవాబు తెలీదు. బాబాయి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, మళ్ళీ కాయ గునపానికేసి కొట్టాడు. పోయేదాకా ఆ ఊసు మరి ఎత్తలేదు. తన ఒక్కడికే తెలీలేదేమో, లోకమంతా తెలిసే నవ్విందేమో అన్న అవమానం మోసుకునే ఆయన పోయాడని నా బాధ. కన్ను పోవడం కన్నా అదే ఆయన్ని ఎక్కువ తిన్నదని నాకనిపిస్తుంది.

"అమ్మమ్మా, ఏంటలా అయిపోయావు?" అన్నాడు మనవడు.

"ఒరే, ఇది నాటకమని అప్పుడు చూసేవాళ్ళకి తెలుసా?"

"అప్పుడా? తెలీదు. అప్పట్లో అమెరికా అంతటికీ ఒక కంపెనీ కాదు. ఒక్కో ప్రాంతానికి ఒక్కోటి. వారం వారం అవే ఊళ్ళు, అదే జనం. ఎక్కడా బయటపడకూడదని మంచివాడూ చెడ్డవాడూ ఒకే కారులో కూడా ఎక్కేవాళ్ళు కాదట. ఇంట్లో పెళ్ళాలకి కూడా చెప్పేవాళ్ళు కాదట కొందరు. చూసేవాళ్ళు నిజమనే ఏడ్చేవాళ్ళు. పిచ్చి జనం."

"మళ్ళీ మొదటినించీ వెయ్యి."

వేశాడు. గంట మోగింది. కట్టు కట్టినవాణ్ణి నడిపించుకొచ్చారు. నేను వాణ్ణి చూడలేదు. ముందువరస చూశాను. ఉంది. అదే కుర్చీ, అదే చుక్కల గౌను, ఒళ్ళో సంచీ. వాడు కట్టు లాగేయగానే లేచి నిలబడి, చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆపు, అక్కడ ఆపు," అన్నాను.

బొమ్మ ఆగింది. ఫోను చేతిలోకి తీసుకుని దగ్గరగా పెట్టుకుని చూశాను. ఆ ఏడుపులో అబద్ధం లేదు. మా గదిలో కూర్చుని మేం నమ్మినట్టే ఆవిడా నమ్మింది.

"ఆవిడకీ తెలీదు బాబాయ్," అన్నాను.